చదువనొల్లని బిడ్డ – మన కర్తవ్యము

(హోసూరులో జరిగిన తలిదండ్రుల సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మీలో కొందరు కృష్ణగిరినుండియు, కొందరు బాగలూరు, బేరికె, శూలగిరి ప్రాంతములనుండియు ఈ సాయంకాలము పనులు మానుకొని వచ్చినారు. పిల్లల చదువును గూర్చిన దిగులే మిమ్ములను ఇంత దూరము రప్పించినదని మేమెరుగుదుము. ఆ దిగులు మాకును గలదు.

మన సంఘపు సభలలో భాషాహక్కులను గూర్చిన ఉపన్యాసములు ఎన్నియో వింటిమి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడును మన హోసూరు, కృష్ణగిరి సీమలు మద్రాసు రాష్ట్రముననే నిలిచినవి. అదే 1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణవలన 350-ఎ అధికరణము చేరి, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధించుటకు తగిన వసతులు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు విధించినది. 2006లో ఈ రాష్ట్రమున వచ్చిన తమిళ బోధన చట్టమువలన కలిగిన చిక్కులు న్యాయస్థానములదాక పోయినవి. ఇవి మీరెరిగిన సంగతులే. వానిని గూర్చి పోరాడుట అవసరమే. కాని నేడు మేము మాటాడదలచినది వేరొకటి. పోరాడి తెచ్చిన హక్కును బిడ్డ ముందర పెట్టినపుడు, ఆ బిడ్డ పుస్తకము మూసి ప్రక్కకు నెట్టినచో మనమేమి చేయవలెను?

తలిదండ్రులు మాతో చెప్పుకొను మాటలు ఇంచుమించు అందరివియు ఒక్కటే. "వానికి తెలివి లేక కాదు సార్, చదువు మీద బుద్ధి లేదు." "సెల్లు చేతికిస్తే గంటలు గంటలు కూర్చుంటాడు. పుస్తకం తీస్తే నిద్రొస్తుంది." "పక్కింటి పిల్ల చూడండి, మా పిల్ల చూడండి." ఈ మాటలు విని విని మేమును చాలకాలము ఇది సోమరితనమనియే తలచితిమి. సోమరితనమునకు మనవద్ద వాడుకలోనున్న మందులు రెండు: ఒకటి మందలింపు, రెండవది బహుమానము. రెండింటిని మేము వాడి చూచితిమి. మందలింపు సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. బహుమానపు సంగతి మాత్రము చెప్పవలసియున్నది, ఏలయన అందులో పొరపాటు మాదే.

మాలో కొందరము పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులము. సాయంకాలములందు పిల్లలను చేర్చుకొని చదివించుచున్నాము. కొన్ని యేండ్ల క్రిందట, తెలుగు కథల పుస్తకమొకటి చదివి ముగించిన ప్రతివారికి ఒక కలము ఇత్తుమని ప్రకటించితిమి. తొలివారము బీరువా ఖాళీ అయినది. మేము మిక్కిలి సంతోషించితిమి. రెండవ వారమున చూడగా పిల్లలందరును మిగుల సన్నని పుస్తకములనే ఏరుకొనుచుండిరి. నెల తిరుగకమునుపే కలములు అయిపోయినవి. ఆ వెంటనే చదువును ఆగినది. అన్నిటికన్న మమ్ము బాధించినది మరియొకటి. మేము బహుమానము ప్రకటింపక పూర్వమే, ఎవరును చెప్పకయే మూలను కూర్చుండి బొమ్మల పుస్తకములు తిరుగవేయుచుండిన ఇద్దరు ముగ్గురు పిల్లలుండిరి. కలములు అయిపోయిన పిదప వారు సైతము ఆ పుస్తకములను ముట్టుట మానిరి.

ఇట్టి సంగతినే అమెరికా దేశమున లెప్పరు, గ్రీను, నిస్బెట్టు అను మువ్వురు పండితులు పరీక్షించి 1973లో ప్రకటించిరి. రంగు కలములతో బొమ్మలు గీయుట యందు స్వతస్సిద్ధముగా ప్రీతిగల చిన్నపిల్లలను ఒక శిశుపాఠశాలలో ఎన్నుకొని మూడు జట్లుగా విభజించిరి. ఒక జట్టునకు బొమ్మ గీసినచో ప్రశంసాపత్రము ఇత్తుమని ముందుగనే చెప్పిరి. రెండవ జట్టునకు ఏమియు చెప్పక, గీసిన పిదప అదే పత్రమునిచ్చిరి. మూడవ జట్టునకు ఏమియు ఇయ్యలేదు. కొన్ని దినములు గడచిన తరువాత ఆ రంగు కలములనే బల్లపై ఊరక పెట్టి చూడగా, బహుమానమును ముందుగా ఆశించిన పిల్లలు తక్కిన వారితో పోల్చగా సగము కాలము మాత్రమే బొమ్మలు గీసిరి. ఇష్టముతో చేయుచుండిన పని కూలికి చేయు పనిగా మారెనన్నమాట. బిడ్డను ఎన్నడును మెచ్చుకొనరాదని దీని అర్థము కాదు. చెప్పకయే ఇచ్చిన మెప్పు ఎవరిని చెరుపలేదు గదా. ఇష్టమునకు మారుగా వెల కట్టరాదన్నదే దీని తాత్పర్యము.

అయితే మొదలే ఇష్టము లేని బిడ్డ సంగతి యేమి? ఇచట ఒక బాలుని మాట చెప్పెదము. పేరు చెప్పము. బాగలూరు దారిలో గులాబీ తోటలో పనిచేయు కుటుంబమువాడు. ఏడవ తరగతి. ఇంట తెలుగు, వీధిలో తమిళము, సంతలో కన్నడము ధారాళముగా మాటాడును. మూడింటిలో దేనిని చదువుటకు నోరు తెరవడు. పుస్తకమిచ్చినచో నవ్వును, ప్రక్కవానిని గిల్లును, నీళ్లు త్రాగి వచ్చెదనని పోవును. ఇట్లు చాల దినములు గడచినవి. ఒకనాడు తక్కిన పిల్లలు వెళ్లిపోయిన తరువాత, కోపము లేకుండ, "నాయనా, నీకు చదువు ఎందుకు ఇష్టం లేదు?" అని అడిగితిమి. చాలసేపు ఊరకుండి, నేలవైపు చూచుచు ఇట్లనెను: "చదవకుంటే సోమరి అంటారు సార్. చదివీ రాకుంటే మొద్దు అంటారు."

సోదరులారా, ఈ మాట విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మేము ఇన్నాళ్లు సోమరితనమని తలచినది సోమరితనము కాదు. ఆ బాలుడు లెక్క చూచుకొన్నాడు. సోమరి అనిపించుకొనుటలో అవమానము కొంచెము. కావలెనన్న చదువగలడులే అను మాట ఇంకను మిగిలియుండును. మొద్దు అనిపించుకొన్నచో ఇక మిగులునది ఏమియు లేదు. అందుచేత అతడు చదువకుండుట వలన తన మానమును కాపాడుకొనుచున్నాడు. అట్టివానిని నలుగురిలో తిట్టినచో అతడు దాచుకొన్న మానమునే మనము లాగివేసినవారమగుదుము. ఇంకను గట్టిగా పట్టుకొనును. బిడ్డకు పూనిక లేదని మనమందుము. పూనిక ఉన్నది, అది తన్ను దాచుకొనుట యందు వ్యయమగుచున్నది.

ఇక ఈ భయము ఎచటినుండి వచ్చుచున్నదో చూతము. మన పిల్లల స్థితిని ఒక్కసారి తలచి చూడుడు. ఆరేండ్ల పసివాడు మూడు లిపులను నేర్వవలెను. తమిళ లిపిలో 'క'కును 'గ'కును ఒకే అక్షరము. తెలుగులో వేరువేరు. బడిలో ముందుగా తమిళాక్షరములు నేర్చిన మన పిల్లవాడు తెలుగు వ్రాయునపుడు 'గుడి' అని వ్రాయుటకు 'కుడి' అని వ్రాయును. అది తెలివితక్కువ కాదు. ఒక లిపి నేర్పిన న్యాయమును రెండవ లిపికి అన్వయించినాడు. అది ఆలోచించి చేసిన తప్పు. కాని అతనికి తిరిగి వచ్చునది ఎర్ర సిరా గీత. ఎందుకు తప్పో ఎవరును చెప్పరు. ఇట్టి గీతలు నూరు చూచిన బిడ్డకు తనకు రాదను నమ్మకము కుదురును.

తెలుగు పాఠమునందైనను అతనికి ఊరట గలదా యనిన, అదియు అంతంత మాత్రమే. మొరసునాడని పేరుపడిన ఈ సీమలోని మన మాటకు తనదైన యాసయు, తనవైన పదములును గలవు. ఈ సీమ మాటలోనే వ్రాసిన కథలు ఇటీవలి కాలమున అచ్చయినవి కూడ. కాని పాఠ్యపుస్తకపు తెలుగు చదివి, "మనం మాట్లాడేది తెలుగు కాదా?" అని అడిగిన పిల్లలు మాకు తెలియును. ఇంటిమాటను తప్పని చెప్పినచో, ఇంటినే తప్పని చెప్పినట్లు బిడ్డకు తోచును.

మరియొక హెచ్చరిక. పూనికను గూర్చి ఆలోచించుటకు ముందు బిడ్డ కన్నులు, చెవులు, కడుపు చూడవలెను. కృష్ణగిరిలో ఒక బాలిక మూడేండ్లు తరగతిలో వెనుకబడియుండెను. అడిగినదానికి బదులు చెప్పదు, నల్లబల్ల మీదిది వ్రాసికొనదు. శ్రద్ధ లేదనిరి. చివరకు కన్నులు పరీక్ష చేయింపగా ఆమెకు నల్లబల్ల కానరాదని తేలినది. కంటి అద్దాలు వచ్చిన తరువాత ఆమెను గూర్చి ఎవరును మాతో ఫిర్యాదు చేయలేదు. అట్లే ఆకలి. ఈ రాష్ట్రమున మధ్యాహ్న భోజనమునకు తోడు 2022లో ప్రాథమిక పాఠశాలలలో ఉదయపు ఫలాహార పథకమును ఆరంభించుటకు కారణము ఇదియే. ఖాళీ కడుపుతో వచ్చిన బిడ్డకు ఏ ఉపదేశమును తలకెక్కదు.

ఇప్పుడు ఉపాయమును గూర్చి చెప్పెదము. ఇది మేము కొత్తగా కనిపెట్టినది కాదు. మన తెలుగువారిలోనే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, 1863లో పుట్టి 1940లో గతించిన ఆ మహానుభావులు, దీనిని చేసి చూపిరి. వ్యావహారిక భాషకై వారు చేసిన కృషి అందరికిని తెలిసినదే. ఆగస్టు 29, వారి జన్మదినమును, తెలుగు భాషా దినోత్సవముగ జరుపుకొనుచున్నాము. కాని పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగ నుండిన కాలమున వారు సవరలకై చేసిన పని మనకు ఇంకను ముఖ్యము. కొండలలోని సవర పిల్లలకు తెలుగు పుస్తకమిచ్చి, రాలేదని విసుగుకొనక, పంతులుగారే సవర భాషను నేర్చిరి. ఆ భాషలో పుస్తకములు వ్రాసిరి. తమ సొమ్ముతో బడులు పెట్టి సవర మాటలోనే చదువు చెప్పించిరి. ప్రభుత్వమువారు మెచ్చి ధనమీయబోగా, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరి. పిల్లవాడు బడివైపు రాకున్నచో బడియే పిల్లవాని మాటవైపు పోవలెనని వారి మతము. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినపుడు వారు ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. సరిహద్దు గీత మనుష్యులకు ఏమి చేయునో వారికి మనవలెనే అనుభవమునకు వచ్చినది.

ఇట్టిదే మరియొక ఉదాహరణము దూరదేశమునుండి. న్యూజీలాండులో మావోరీ జాతి పిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్-వార్నర్ అను ఉపాధ్యాయురాలు, ఇంగ్లండునుండి వచ్చిన వాచకములు ఆ పిల్లలకు అంటుట లేదని గ్రహించెను. ప్రతి బిడ్డను దగ్గరకు పిలిచి, "నీకు ఏ మాట కావలెను?" అని అడిగి, ఆ బిడ్డ చెప్పిన మాటను అట్టముక్కపై వ్రాసి ఇచ్చుచుండెను. బిడ్డకు భయము కలిగించు మాట, ప్రేమ కలిగించు మాట, ఇంటిలోని మాట — అట్టివి ఒక్కసారి చూచినంతనే మరపునకు రావు. మరునాడు గుర్తులేని మాట ఆ బిడ్డకు ముఖ్యము కాదని తీసివేయుచుండెను. 1963లో వెలువడిన తన గ్రంథమున ఈ పద్ధతిని ఆమె వివరించెను.

ఈ రెండు ఉదాహరణములను మనస్సున నుంచుకొని మన గులాబీ తోట బాలుని కడకు తిరిగి వచ్చితిమి. పుస్తకము ప్రక్కన పెట్టి, "మీ తోట పని మాకు చెప్పు నాయనా" అంటిమి. నోరు తెరవని ఆ బాలుడు అరగంట మాటాడెను. కాడ పొడుగునుబట్టి పూవులను ఎట్లు వేరు చేయుదురో, కట్టకు 20 కాడలు ఎట్లు పేర్చుదురో, ఫిబ్రవరి నెలలో ధర ఏల పెరుగునో, ఏ పురుగు మొగ్గను తినునో చెప్పెను. అతడు చెప్పిన మాటలను, అతని యాసతోనే, ఒక్క అక్షరమైనను దిద్దక, పెద్ద అక్షరములలో ఆరు వాక్యములు వ్రాసి ఇచ్చితిమి. మరునాడు, ఎవరును లేనపుడు, తన మాటలను తానే చదివెను. తడబడెను, కాని చదివెను. తాను చెప్పినదే గనుక తరువాతి మాట యేదో అతనికి తెలియును. వారము తరువాత ఆరు వాక్యములు పన్నెండైనవి. పిదప తోట లెక్కలు తానే వ్రాయసాగెను. 'గ' అక్షరమునకును 'క' అక్షరమునకును భేదము అపుడు చెప్పితిమి. గులాబీ అను మాట తనది గనుక ఆ భేదమును అతడు పట్టుకొనెను.

ఇదేదో అద్భుతమని చెప్పబోము. ఆరు నెలలు పట్టినది. నేటికిని గుణింతములు తప్పును. ఇంగ్లీషు ఇంకను కష్టముగనే యున్నది. కొన్ని దినములు మరల మొరాయించును. కాని నీళ్లు త్రాగి వచ్చెదనని పోవుట మానినాడు. తప్పు చదివినపుడు నవ్వి, మరల చదువుచున్నాడు. తప్పు చేసియు మానము నిలుచునని అతనికి నమ్మకము కుదిరినది.

ఇచట ఒక ఆక్షేపణ రావచ్చును. తోటవాని బిడ్డకు తోట మాటలు, వడ్రంగి బిడ్డకు ఉలి మాటలు నేర్పినచో వారిని ఆ పనికే కట్టివేసినట్లు కాదా? ఈ ఆక్షేపణ చిన్నది కాదు. హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీగారు మద్రాసు ముఖ్యమంత్రిగా 1953లో తెచ్చిన ప్రాథమిక విద్యా పథకము మీకు తెలిసియుండును. పిల్లలకు బడి మూడు గంటలు, తక్కిన వేళ ఇంటి వృత్తి. కులవృత్తికే పిల్లలను కట్టివేయునని రాష్ట్రమంతట ఆందోళన చెలరేగి, 1954లో ఆ పథకము తొలగింపబడినది. ఆ పాఠమును మనము మరువరాదు. తోటను గూర్చి బిడ్డ యెరిగినది మొదటి మెట్టు మాత్రమే. అచట ఆరంభించి, అతడు ఎన్నడును చూడని సముద్రమును గూర్చియు, నక్షత్రములను గూర్చియు చదువునంతవరకు తోడు నడువవలెను. బడి గంటలు తగ్గించి తోటకు తరుముట మా అభిమతము ఎంతమాత్రము కాదు.

ఇంటియందు మీరు చేయదగినవి కొన్ని చెప్పి ముగించెదము.

మొదటిది: పోల్చకుడు. ప్రక్కింటి బిడ్డతో పోల్చిన ప్రతిసారి మీ బిడ్డ ఆట మానుకొని తప్పుకొనుటకు మరియొక కారణము దొరకును. నిన్నటి బిడ్డతో నేటి బిడ్డను పోల్చుడు. "నిన్న మూడు పంక్తులు చదివితివి, నేడు నాలుగు" అనుట చాలును.

రెండవది: తప్పును నలుగురిలో దిద్దకుడు. చుట్టములు వచ్చినపుడు "ఏదీ, చదివి చూపించు" అని నిలబెట్టకుడు. చదువు రాని బిడ్డకు అది శిక్ష.

మూడవది: చదువునకు నిజమైన పని కల్పింపుడు. పెండ్లి శుభలేఖ వచ్చినచో బిడ్డచేత చదివింపుడు. అంగడి చీటీ వ్రాయింపుడు. కుప్పమునందో, చిత్తూరునందో ఉన్న మేనత్తకు రెండు పంక్తుల తెలుగు జాబు వ్రాయింపుడు. ఆమెను బదులు వ్రాయుమని మీరు రహస్యముగ కోరుడు. తన వ్రాతకై ఎదురుచూచువారు ఒకరు గలరని తెలిసిన బిడ్డ వ్రాయును.

నాలుగవది కొంచెము కటువైన మాట, క్షమింపుడు. మన పిల్లలు మనలను చూచుచున్నారు. సభలలో తెలుగు తెలుగని మనము పలుకుచున్నాము. ఇంటికి పోయి తెలుగు కాగితము ఒక్కటైనను చేతబట్టుచున్నామా? మనలో ఎందరికి ఇంట మాటాడు తెలుగును చదువను వ్రాయను వచ్చును? పెద్దలు ముట్టని పుస్తకమును పిల్లలు ఏల ముట్టవలెను? తెలుగు తరగతికి పిల్లలు చాలరన్న మాట వినినపుడెల్ల మనము ప్రభుత్వమును నిందింతుము. ఆ తరగతికి మన బిడ్డను పంపితిమా అన్న ప్రశ్నను కూడ వేసికొనవలెను.

చదువ నేర్వని పెద్దలు సిగ్గుపడనక్కరలేదు. మీ వంటివారే మాకు మిక్కిలి అవసరము. ఆ గులాబీ తోట బాలుని అవ్వకు అక్షరము రాదు. ఒకనాడు ఆమె మనుమని ప్రక్కన కూర్చుండి, "నా పేరు ఎట్లా రాస్తారురా, నాకు చూపించు" అనెను. అతడు వ్రాసి చూపెను. ఆమె తప్పు వ్రాసెను. తరగతిలో అందరికన్న వెనుకనుండిన ఆ బాలుడు, తిట్టక, నవ్వక, ఆమె చేయి పట్టి దిద్దించెను. మరునాడు మావద్దకు వచ్చి, "అవ్వకు చెప్పాలి సార్, ఇంకో పాఠం ఇవ్వండి" అని అడిగెను. ఆ బిడ్డ తానై పాఠము అడుగుట మేము వినిన మొదటిసారి అది.

కావున మా విన్నపమిది. వచ్చు ఆదివారము సాయంకాలము మన సంఘ మందిరమున చదువు గంట జరుపుదుము. ప్రతి కుటుంబమునుండి చదువనొల్లని బిడ్డను ఒకరిని, చదువ రాని పెద్దను ఒకరిని తోడుకొని రండు. వారిద్దరిని ఒక్క బల్లపై కూర్చుండబెట్టుదము. ఆ బల్లపై బహుమానములు ఉండవు. అచట తప్పు చదివినవారిని చూచి ఎవరును నవ్వరు.